మెట్ల కింద స్టౌట్

ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆంజనేయప్రసాద్ ఆఫీసు నుంచి రాగానే, బూట్లైనా విప్పకుండా మెట్ల కింద అల్మరా ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు. లోపల బకెట్లో నల్లటి స్టౌట్ బీరు పులుస్తూ బుడుక్ బుడుక్‌మంటుంటే, చంటిబిడ్డ ఊపిరి విన్నట్టు చెవి ఆనించి వింటాడు. పులిశాక సీసాలకెత్తి, తేదీలు రాసి, ఆరు నెలలు ఊరాలని ఎవరినీ ముట్టుకోనివ్వడు.

ఈసారి సీసాల్లో గ్యాస్ పుట్టడానికి వేసే చక్కెర కొలవకుండా చేతికొచ్చినంత వేశాడు. నెల తిరక్కుండానే, ఒక శనివారం మధ్యాహ్నం, ఒక సీసా ఢామ్మని పేలింది. భార్య కిరణ్మయి పరుగున వచ్చేసరికి అతను క్రికెట్ హెల్మెట్, ఓవెన్ గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. "మిగతావీ పేలేలా ఉన్నాయి. మూతలు వదులుచేసి గ్యాస్ తీసెయ్యాలి," అన్నాడు. "మీకేమన్నా అయితే ఇన్సూరెన్స్ వాళ్లకి ఏమని చెప్పనండీ?" అందామె. అతను కళ్లు గట్టిగా మూసుకుని, ఇరవై రెండు సీసాల మూతలూ వదులుచేసి బిగించాడు. మోచేతుల దాకా నురగే. ఆఖరి సీసాలోది మాత్రం గ్లాసులో పోసి భార్యకిచ్చాడు. ఆ వాసనకే ముక్కు మూసుకునే కిరణ్మయి ఒక గుక్క తాగి, "మాడిన కాఫీలా ఉంది," అంది. ప్రసాద్ ముఖం హెల్మెట్లోనే వాడిపోయింది. "ఇంకా అయిదు నెలలు ఊరితే బాగుంటుందిలే," అంటూ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. ఆమె గ్లాసు పక్కకి జరుపుకుని, "ఊరేవాటిని ఊరనివ్వండి. మీరు వేరే గ్లాసు తెచ్చుకోండి," అంది.