రాణి చెంప మీది మచ్చ

నా నవలను రంగుల బొమ్మల కథగా, ఆరు పుస్తకాల వరసగా వేస్తామని చిలకలూరిపేట పత్తి జిన్నింగ్ మిల్లు యజమాని ఒకాయన కబురు పెడితే పొంగిపోయి వెళ్లాను. ఆయన నవల చదవలేదని పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. రాణి ఉంది, కొండ ఉంది, మంత్రాలున్నాయి, ఇంకేం కావాలన్నాడు. అప్పుడే లేచి రావలసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు నాలాంటి వాళ్లకే చెప్పారు.

నవల్లో రాణి కొండ కడుపులో ఉన్న రాజ్యాన్ని ఏలుతుంది. ఆమె ఎడమ చెంప మీద కణత నుంచి గడ్డం దాకా కాలిన మచ్చ. ఆ మచ్చ మా అమ్మది. గురజాల దగ్గర సున్నపు బట్టీలో పనిచేసే రోజుల్లో, నీళ్లు పోసిన సున్నం ఎగజిమ్మి చెంప కాలింది. నవలంతా మాయలూ మంత్రాలే, నిజం అదొక్కటే. అందుకే ఒప్పుకునే ముందు ఒక్కటే షరతు పెట్టాను. ఏది మార్చినా సరే, ఆ మచ్చ ఉండాలి. యజమాని తలూపాడు. ఆయన దేనికైనా ఊపుతాడు.

బొమ్మల పని నరసరావుపేటలో ఒక ఫ్లెక్సీ షాపు ఆర్టిస్టుకు అప్పజెప్పారు. పుట్టినరోజుకీ, చావుకీ, ఊరేగింపుకీ ఫ్లెక్సీలు చేసిన చెయ్యి అది. నేను రాసిన కళ్లు లేని ఆరుకాళ్ల జంతువు, ఆ చేతిలో పడి, కొమ్ములకు రిబ్బన్లు కట్టిన ఒంగోలు ఎద్దయింది. కాళ్లు మాత్రం ఆరు ఉంచాడు, అదే గొప్ప. లోకాన్ని వణికించే మాంత్రికుడు చేతులు జోడించి, ఓట్లకొచ్చినవాడిలా నవ్వుతున్నాడు. అట్ట మీద రాణి కంటే పెద్దది మిల్లు యజమాని ఫొటో. ఇవన్నీ నవ్వుకుని వదిలేద్దును.

కానీ మొదటి పుస్తకం అచ్చయి వస్తే రాణి చెంప నున్నగా, తెల్లగా ఉంది. మచ్చ లేదు.

షాపుకెళ్లి నిలదీశాను. ఆర్టిస్టేమీ తడబడలేదు. ఎవరి ఫొటో వచ్చినా ముందు మొహం తెల్లగా చేసి, మచ్చలు తీసేసి, తర్వాతే మిగతా పని మొదలుపెడతాడట. అలా చెయ్యకపోతే తమ మనిషిని అవమానించారని జనం షాపు మీదికొస్తారట. రాణి కోసమని నేనిచ్చిన అమ్మ ఫొటోకూ అదే మర్యాద జరిగింది.

"ఆడమనిషి మొహం మాస్టారూ. అట్టా ఎట్టా పెడతాం బజార్లో?" అన్నాడు.

ఇలాంటి వాళ్ల చేతికి కుంచె ఎవడిచ్చాడా అని అసహ్యమేసింది. అక్కడి నుంచే యజమానికి ఫోన్ చేసి, నా అనుమతి వెనక్కి తీసుకుంటున్నానని, ఇక ఒక్క పేజీ కూడా వెయ్యొద్దని చెప్పేశాను.

ఇంటికొచ్చి ఆ పుస్తకాన్ని అమ్మ ముందు పడేసి, చూడు ఏం చేశారో అన్నాను. అమ్మకు చదవటం రాదు. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా పేజీలు తిప్పింది. రాణి కనపడ్డ ప్రతిచోటా ఆగి, బొమ్మ చెంపను వేలితో తడిమింది.

"చానా బాగేశాడు," అంది.

అది నువ్వేనని, నీ మచ్చ తీసేశారని, దాని కోసమే పోట్లాడి వస్తున్నానని చెప్పాను.

"నేనని తెలుసు లేరా. నీ పుస్తకం వచ్చినప్పుడే పక్కింటి కోడలు చదివి వినిపించింది. పేజీ పేజీకీ నా మచ్చే రాశావు. కాసేపు విని, ఇంక చాల్లే అమ్మా అన్నాను."

నవల వచ్చి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ ఆమె ఆ మాట అనలేదు. మచ్చ గురించి రాయొచ్చా అని గానీ, ఫొటో ఇవ్వొచ్చా అని గానీ నేనూ అడగలేదు. నవల చదవలేదని యజమానిని వెక్కిరించినవాణ్ణి, అమ్మ మనసు నేనూ చదవలేదు. సిగ్గేసింది.

అమ్మ పుస్తకాన్ని కొంగుతో తుడిచి, తన చీరల మధ్య పెట్టుకుంది.

"మిగతా అయిదూ ఎప్పుడొస్తాయి నాయనా?" అని అడిగింది.