పక్కింటి ప్రార్థన

మాది కాటన్‌పేటలో బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. మాకు జ్వరమొస్తే అమ్మ ఆంజనేయుడికి మొక్కేది, తగ్గకపోతే చర్చికి వెళ్ళి మేరీమాత ముందు కొవ్వొత్తి వెలిగించేది. క్రైస్తవులంటే అందరూ ఒకటే అనుకుంటూ పెరిగాను. ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక బడిలో ఐదో తరగతికి పాఠాలు చెబుతున్నాను. మతాల చార్టులో క్రైస్తవుల గడిలో మా తరగతి పిల్లలు చీర కట్టుకున్న మేరీమాత బొమ్మ అతికించి, చుట్టూ మల్లెపూల దండ గీశారు. నాకూ ముచ్చటేసింది.

మర్నాటికి ఆ బొమ్మ చిరిగి ఉంది. చింపింది మా తరగతిలోని ప్రొటెస్టెంట్ అమ్మాయి. తండ్రి అనంతపురం వైపు నుంచి వచ్చిన మేస్త్రీ. "మేము బొమ్మలకు మొక్కం మిస్. మొక్కేవాళ్ళు క్రైస్తవులే కాదు" అంది. పక్కనే కూర్చునే కేథలిక్ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఒకే డబ్బాలో తినే ఇద్దరూ చెరో మూల చేరారు.

ప్రిన్సిపల్ గారు పిలిపించారు. "పేరెంట్స్ వస్తే ఆన్సర్ చేయాల్సింది నేను. చార్ట్ తీసేయండి మేడమ్, ఈ టాపిక్ క్లోజ్ చేయండి." నాకు ఒళ్ళు మండింది. చార్టు తీసేస్తే గొడవ పోతుందేమో గానీ ఆ స్నేహం తిరిగి రాదు. శనివారం తల్లిదండ్రుల ముందే పాఠం పెడతాను, తేడా వస్తే మీరన్నట్టే చేస్తానన్నాను. అయిష్టంగానే ఒప్పుకున్నారు.

ఆ ఇద్దరికీ ఒకటే షరతు పెట్టాను. ఎవరింటి సంగతి వాళ్ళు చెప్పకూడదు, అవతలివాళ్ళది చెప్పాలి. అదీ అవతలివాళ్ళు విని ఔననేలా. ఇద్దరూ మూతి ముడుచుకున్నారు. కానీ తెలియనిది చెప్పాలంటే అడగక తప్పదు కదా. ముక్తసరిగా మొదలైన మాటలు వాదనలదాకా వెళ్ళాయి. నేను వినపడనట్టు నోట్సులు దిద్దుకున్నాను.

శనివారం ముందు కేథలిక్ అమ్మాయి లేచింది. "వాళ్ళ చర్చిలో విగ్రహాలుండవు. మేరీమాత అంటే గౌరవం లేక కాదు, యేసు తల్లి అని వాళ్ళూ చెప్తారు. ప్రార్థన మాత్రం నేరుగా దేవుడికే. ఎవరి బైబిలు వాళ్ళు తెచ్చుకుంటారు. పాటలు చాలాసేపు పాడతారు." మేస్త్రీ తలూపి, "మా పాప గూడ ఇంత బాగ చెప్పదు మేడమ్" అన్నాడు.

రెండో అమ్మాయి నోరు తెరవకముందే కేథలిక్ అమ్మాయి అవ్వ అడ్డు తగిలింది. మా కాటన్‌పేట పక్కనే చిక్కపేటలో పుట్టి పెరిగిన మనిషి, మాట దాచుకోదు. "మేము బొమ్మకు మొక్కుతామా, లేదా? ముందు అది చెప్పమ్మా."

ప్రిన్సిపల్ గారు నావైపు చూశారు. ఆ అమ్మాయి అవ్వవైపు తిరిగింది.

"లేదు అవ్వా. నాయనతో ఏమన్నా కావాలంటే నేను అమ్మతో చెప్పిస్తా. మీరూ మేరీమ్మను అట్లనే అడుగుతారు, మా కోసం దేవునికి చెప్పమని. బొమ్మ ఆమెను గుర్తు చేసుకునేకి." చార్టువైపు చూసింది. "దాన్ని చింపింది నేనే. ఇంగ చింపను."

అవ్వ కళ్ళు తుడుచుకుంది. "సరిగ్గా ఉండాది తల్లీ. రా, ఇట్ల కూర్చో" అని తనకూ మనవరాలికీ మధ్య చోటు చేసింది. మనవరాలు జరిగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. నాకు ఈల వేయాలనిపించింది.

ప్రిన్సిపల్ గారు గొంతు సవరించుకున్నారు. "నెక్స్ట్ ఏం టాపిక్ మేడమ్?"

"విభూతి పెట్టుకునే ఇళ్ళు, నామాలు పెట్టుకునే ఇళ్ళు" అన్నాను. "ఎవరు చెప్తారు?"

గది నిండా చేతులు లేచాయి. అందరికంటే ముందు లేచినవి అవ్వ పక్కన కూర్చున్న ఆ ఇద్దరివీ.