సీరియస్ అంటే చాలు, ఏడ్చేవాళ్లం

మా చిన్నప్పుడు... సూరత్‌లో మా తెలుగు నేతపనివాళ్లుండే బమ్రోలి గదుల్లో ఇంగ్లీషు మాటలకు కొదవలేదు. కరెంటు పోతే పట్టపగలు కూడా 'లైట్ పోయింది' అనేవాళ్లం. జ్వరమొస్తే 'టెంపరేచర్ వచ్చింది'. బడిలో టీచర్ ఎంత దిద్దినా ఇంటికొచ్చి మళ్లీ అదే పాట.

ఒక్క 'సీరియస్' దగ్గర మాత్రం ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

ఊళ్లో ఎవరైనా చనిపోతే, దూరాన ఉన్నవాళ్లకు ఆ సంగతి ఫోన్‌లో చెప్పరు మావాళ్లు. దారిలో ఏమైపోతారో అని భయం. 'సీరియస్‌గా ఉంది, బయల్దేరండి' అంటారు. విన్నవాళ్లు ఇంకేమీ అడగకుండా, ఏడ్చుకుంటూ రైలెక్కేస్తారు. మా తాత పోయినప్పుడూ అంతే...

నేను ఆరో తరగతిలో ఉండగా కరోనా వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ మోగే ఆ మరమగ్గాల చప్పుడు లేక, మా గదిలో మాట పక్క గదికి వినపడేది. రైళ్లు లేవు, బస్సులు లేవు.

అలాంటి ఒక పొద్దున సిరిసిల్ల నుంచి చిన్నమామ ఫోన్ చేశాడు.

"అమ్మకు సీరియస్‌గున్నది అక్కా."

అంతే... అమ్మ గడపలో కూలబడి, వాళ్లమ్మను తలుచుకుని రాగం తీసి ఏడ్చింది. పక్కవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని దూరం నుంచే ఏడ్చారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ పట్టుకుని బాపు సైకిల్ మీద కామ్‌రేజ్ హైవే దాకా పోయాడు. కనపడిన ప్రతి లారీ డ్రైవర్‌నూ బతిమాలాడు. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి చేసి, ఛార్జింగ్ అయిపోయాక ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

అప్పటికే అమ్మ, పోయినవాళ్లకు చేసే స్నానమని, తల మీద నీళ్లు పోసుకుంది.

నాకు మాత్రం మనసు ఒప్పలేదు. సీరియస్ అంటే ప్రాణం ఉన్నట్టేనని బడిలో చెప్పారు, ఒక్కసారి మామకు ఫోన్ చేద్దామని ఎంత మొత్తుకున్నానో...

బాపు తల ఎత్తలేదు. "ఊకో బిడ్డా. పోయినోళ్ల ఇంటికి ఫోన్ జేసి, ఉన్నరా అని అడుగుతరా ఎవలన్న?"

మర్నాడు మామే ఫోన్ చేశాడు. ఈసారి సీరియస్ అనలేదు.

"అమ్మ పోయింది అక్కా... ఇప్పుడే. నిన్న పొద్దుగూకేదాక నీ పేరే కలవరిచ్చింది. బిడ్డ మాట్లాడుతది, ఫోన్ చెవికాడ పెట్టమన్నది. ఎన్నిసార్లు జేసినా మీ ఫోన్ కలువలే. రాత్రికి మాట పడిపోయింది."

ఎలాగూ రాలేని మనిషికి అబద్ధమెందుకని, ఆ ఒక్కసారి మామ ఉన్న మాటే చెప్పాడు. మేమే నమ్మలేదు.

అమ్మకు ఏడుపు రాలేదు. "బతికున్న తల్లికి తానం జేస్తి గదరా తమ్మీ" అంది.

ఆ 'సీరియస్' మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎవరి మీద తీర్చుకోవాలో మాత్రం తెలియదు.

ఇప్పుడు సాంచాలు నడుస్తున్నాయి, రైళ్లూ నడుస్తున్నాయి. ఇంట్లో మనిషికో ఫోన్ ఉంది... అమ్మమ్మే లేదు. మీ ఇళ్లలోనూ ఇలా అర్థం మారిపోయిన మాటలు ఉండే ఉంటాయి. నవ్వించినవైనా, ఏడిపించినవైనా... కింద రాయండి, చదువుతాను.

మా అమ్మ మాత్రం ఊరి నుంచి ఎవరు 'సీరియస్' అన్నా ఇప్పుడు ఏడవదు. ముందు ఒకటే అంటుంది...

"పానం ఉన్నదా? ఉంటే ఫోన్ చెవికాడ పెట్టు."