కళ్లు తెరిపించే నతానియేలు

యాభై ఆరు, యాభై ఏడు ప్రాంతాల బందరులో ఫొటోగ్రాఫరు నతానియేలుకి స్నాపు వేరు, ఫొటో వేరు. స్నాపంటే దారినపోయే ప్రతివాడూ డబ్బా కెమెరాతో టిక్కుమనిపించేది. ఫొటో అలా కాదు. మనిషిని కూర్చోబెట్టాలి, గడ్డం ఎత్తించాలి, వెలుతురు చెంప మీదికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టించాలి. కోర్టు ప్లీడర్లు కూడా అతని స్టూడియోలో నోరు మెదిపేవారు కాదు.

అతనికి ఇంకో పేరు కూడా ఉంది. బతికుండగా ఫొటో తీయించుకోనివాళ్లు పోతే, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీయించేవారు. ఆ ఫొటోకి నతానియేలు సన్నకుంచెతో కళ్లు దిద్దేవాడు. "కళ్లు తెరిపిస్తాడండీ మహానుభావుడు" అని దివిసీమ నుంచి కూడా వచ్చేవారు.

ఇంట్లో భార్య ప్రేమమ్మకి మాత్రం ఒక్క ఫొటో లేదు. పెళ్లినాటికి అతనికి కెమెరా లేదు. తరవాత ఆమె అడిగినప్పుడల్లా ఒకటే పాట: "ఉండవే, నీది ఆషామాషీగా తీస్తానా? మంచి వెలుతురు రానీ." ఆ వెలుతురు రానేలేదు.

ఒకసారి పాలకాయతిప్ప సముద్రపొడ్డున ఆమె తమ్ముడు రాజారత్నం అక్కని స్నాపు తీశాడు. ఫిలిం కడిగింది బావగారే. జుట్టు రేగిపోయి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది ప్రేమమ్మ. "ఇదీ ఒక ఫొటోయేనా!" అని ఫిలింలో ఆ ముక్క కత్తిరించి పారేశాడు.

విషజ్వరంతో ప్రేమమ్మ పోయింది. పెట్టెలో పెట్టేముందు కుర్చీలో కూర్చోబెట్టి, నతానియేలే ఫొటో తీశాడు. సమాధి దగ్గర నుంచి వచ్చి ప్రింటు వేసి, కుంచె పట్టుకున్నాడు. ఎందరికో కళ్లు దిద్దినవాడికి పెళ్లాం కళ్లు ఎలా ఉండేవో గుర్తు రావడం లేదు. ఏడుపు కూడా రాలేదు, భయం వేసింది.

రాజారత్నం ఇంటికి పరుగెత్తాడు. "అక్క స్నాపు... ఎక్కడైనా ఉందేమో చూడు రాజారత్నం, నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఎక్కడిది బావగారూ? మీరే కదండీ పారేశారు!"

తిండి మానేసి దిద్దాడు, చెరిపాడు, మళ్లీ ప్రింటు వేసి దిద్దాడు. చివరికి పటం కట్టించి, ఏమీ చెప్పకుండా అత్తగారు వెంకాయమ్మ చేతిలో పెట్టాడు. ఆమె పమిటతో అద్దం తుడిచి, గుమ్మంలోకి తీసుకెళ్లి చూసింది.

"కళ్లు చక్కగా దిద్దారు అల్లుడుగారూ" అంది. "పాపం, ఎవరి పిల్లండీ?"