రెండో రుమాలు

మా న్యూ ఆర్లీన్స్‌లో శవం వెంట నడిచేటప్పుడు డ్రమ్ము అడుగు తీగల కింద రుమాలు దోపుతాం. అప్పుడది గొంతు పూడిన మనిషిలా మోగుతుంది. మనిషిని సమాధిలోకి సాగనంపాక రుమాలు లాగేస్తాం. ఇక అందరూ చిందులే.

అల్సీడ్ నలభై ఏళ్ళు ఆ డ్రమ్ము వాయించాడు. మంచివాడే, ఆడింది ఒక్కటే అబద్ధం. ఊరంతా పాడుకునే 'వాకిట్లో వరద' పాట తానే కట్టానని చెప్పుకునేవాడు. నిజానికి కట్టింది అన్న థియోఫిల్. ఆయన నోరు మెదపకుండానే పోయాడు.

థియోఫిల్ శవం ఊరేగింపు రోజు ఆయన భార్య యూలలీ నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు వాడి పక్కనే క్లారినెట్ వాయిస్తావుగా. వాడికి తెలీకుండా రెండో రుమాలు దోపు. నలుగురిలో సిగ్గుపడనీ," అంది. సరేనన్నాను.

సమాధి మూశారు. అల్సీడ్ రుమాలు లాగి అదే పాట హుషారుగా ఎత్తుకున్నాడు. డ్రమ్ము మూలిగింది. మళ్ళీ కొట్టాడు. అదే మూలుగు. మిట్టమధ్యాహ్నపు ఎండలో జనం చిందు ఆపేశారు.

"ఏం మరిదీ, మీ అన్న ఇంకా కదల్లేదా? పాట ఎవరిదో చెప్పి పంపు," అంది యూలలీ.

అల్సీడ్ పెదాలు తడుపుకున్నాడు. "అన్నదే వదినా. నేను దరువేశానంతే."

ఈసారి పుల్ల తగలగానే డ్రమ్ము ఖంగుమంది.

ఇప్పటికీ మావాళ్ళు ఆ పాట మొదటి చరణాన్ని రుమాలుతోనే వాయిస్తారు.

తిరిగొస్తుంటే యూలలీ నా చెయ్యి నొక్కి, "బాగా దోపావురా," అంది. తలూపాను. ఆ తోపులాటలో నాకు సందే దొరకలేదని చెప్పడానికి నోరు రాలేదు. రెండో రుమాలు మడత చెదరకుండా నా జేబులోనే ఉంది.