పదకొండు మైళ్ల అవతలి పూలు

ఎడారిలో పూలు పూశాయని ఎలోదియాకు దుప్పట్లే చెప్పేవి. కాలిఫోర్నియా ఎడారి అంచున ఉన్న పాలో సెకో అనే చిన్న ఊళ్లో, ఒక మోటెల్లో ఆమె ఇరవై ఎనిమిదేళ్లుగా గదులు శుభ్రం చేస్తోంది. చలికాలంలో నాలుగు మంచి వానలు పడితే చాలు, ఫిబ్రవరి దాటేసరికి పట్నాల నుంచి కార్లు బారులు తీరేవి. పొద్దున్నే గది తలుపు తీస్తే తెల్లటి దుప్పట్ల మీద పసుప్పచ్చటి పుప్పొడి మరకలు, స్నానాల తొట్టిలో గుప్పెడు ఇసుక, మంచినీళ్ల గ్లాసులో దొంగతనంగా కోసుకొచ్చిన ఊదాపూలు వాడి వేలాడుతూ కనిపించేవి. అన్నీ ఎత్తి చెత్తలో పోసేది. అవి నేల మీద ఎలా ఉంటాయో మాత్రం ఎన్నడూ చూడలేదు.

చూడాలని లేక కాదు. పూలు పూసిన ఏడు ఊపిరి సలపని పని. వానలు ముఖం చాటేసిన ఏడు మోటెల్ ఖాళీ. అవసరమైతే కబురు పెడతామని ఇంటికి పంపేసేవారు. అప్పుడు తీరికే తీరిక, చూడబోతే ఎండుపుల్లలు. ఆమెకు కారు నడపడం రాదు. భర్త మెలితోన్ నిమ్మతోటల్లో పనికి పోతూ వస్తూ పూలు చూసేవాడు. రాత్రి చిక్కుడు గింజలూ రొట్టెలూ తింటూ వాటి గురించి చెప్పేవాడు. ఈ ఆదివారం తీసుకెళ్తాననేవాడు. ఆదివారం ఆమెకు మోటెల్ నుంచి పిలుపొచ్చేది.

చివరికి మెలితోన్ మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి మూడుసార్లు అరవై మైళ్లు పోయి రక్తం శుద్ధి చేయించుకునేవాడు. ఆ మార్చిలో ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంతగా పూశాయి. ఆస్పత్రి లేని గురువారం చూసి, ఈసారి పోదామని అతనే అడిగాడు. ఎలోదియా వెళ్లి మేనేజరు మిసెస్ హాల్వర్సన్‌ను సెలవడిగింది.

"ఈ నెల తప్ప ఏ నెలైనా అడుగు, ఎలోదియా. ఆగస్టంతా తీసుకో, నేనేం అనను" అందావిడ.

ఆగస్టులో ఆ ఊళ్లో బల్లులు కూడా బయటికి రావు.

ఆ గురువారం పంతొమ్మిది గదులు తుడిచి ఐదింటికి ఇల్లు చేరేసరికి మెలితోన్ వసారాలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో బండి తాళాలు.

"ఇంకా గంటన్నర వెలుతురుంది. పద, పోయొద్దాం."

ఆమె కాళ్లు వాచి బూట్లలోంచి ఊడి రావడం లేదు. "నావల్ల కాదు. పూలేం పారిపోతాయా? ఆదివారం పోదాంలే" అంది.

అతను టోపీ తీసి మేకుకు తగిలించాడు.

ఆదివారానికి గొంగళిపురుగులు దిగాయి. వేలెడంత పొడుగువి, వేలకు వేలు. కాడలు తప్ప ఏమీ మిగల్చలేదు. మే నెలలో మెలితోన్ పోయాడు.

తర్వాత నాలుగేళ్లు చినుకు లేదు. ఐదో ఏడు వానలు పడ్డాయి. వరండాలో ఒక అతిథి తన ఫోనులో పూల ఫోటోలు చూపించి, మీరెంత అదృష్టవంతులు, ఇవన్నీ రోజూ చూడొచ్చు కదా అంది. ఎలోదియా అవునని తలూపింది. మర్నాడు పనికి పోలేదు, రానని చెప్పనూ లేదు. మెలితోన్ చెల్లెలు చాయోకు ఫోన్ చేసి ట్రక్కు తెమ్మంది.

"ఉద్యోగం ఊడితే ఏం తింటావు వదినా?" అంది చాయో, ట్రక్కు తిప్పుతూ.

"ముందు బండి పోనివ్వు."

పదకొండు మైళ్లు. కార్ల రద్దీ ఉన్నా ఇరవై నిమిషాలే పట్టింది. రోడ్డు వార నుంచి కొండల పాదాల దాకా ఊదా, తెలుపు, పసుపు. ఫోటోల కోసం జనం పూలను తొక్కుకుంటూ, వాటి మీదే పడుకుంటున్నారు. ఎలోదియా మాత్రం అంచునే, ఇసుకలో నిలబడింది.

"ఏడుస్తావేమో అనుకున్నా" అంది చాయో.

"ఇరవై నిమిషాలేనా పట్టింది?"

"అంతే. ఏం?"

"ఆ రోజు గంటన్నర వెలుతురుంది."

టోపీ సంగతి చాయోకు తెలుసు. తప్పంతా ఆ మేనేజరుదేనని, సెలవివ్వని మనిషికి పుట్టగతులుండవని చాలాసేపు తిట్టింది. ఎలోదియా విని, "ఆవిడ పగలు వద్దంది. సాయంత్రం వద్దన్నది నేనే" అంది.

అంతలో ఒకాయన పెళ్లాం పిల్లలతో దగ్గరికొచ్చాడు. "మీరు మోటెల్లో పనిచేస్తారు కదూ? ఒక్క ఫోటో తీస్తారా?" అంటూ ఫోను చేతిలో పెట్టాడు. తీసింది. కొండ సరిగ్గా పడలేదని మళ్లీ తీయించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ తమ గదిలో తువ్వాళ్లు లేవని చెప్పాడు.

"ఇవాళ నేను పనికి రాలేదండీ" అంది ఎలోదియా. ఆయనకు అర్థమైనట్టు లేదు. ఎలోదియా, చాయో అక్కడ అరగంట కూడా ఉండకుండా వెనక్కి తిరిగారు.

మర్నాడు, శుక్రవారం, పనికి వెళ్లేసరికి ఆమె గదులు ఎవరో కొత్తమ్మాయికి ఇచ్చేశారు. వారానికి మూడు రోజులు బట్టలుతికే గదిలో ఉండమన్నారు. ఉంది. పూలెలా ఉన్నాయని చుట్టాలడిగితే బాగున్నాయంది, అంతకుమించి ఎవరెన్నిసార్లు అడిగినా చెప్పలేదు. మరుసటేడూ వానలు పడ్డాయి. చాయో ట్రక్కు వేసుకుని వచ్చి పిలిస్తే, రానంది. బట్టలుతికే గదికి కిటికీ లేదు. ఆమెకు అదే నయమనిపించింది.