చేపలకి కట్టిన ఇళ్లు

మా ఆయనది సిమెంటు వరల పని. మిరప చేల మధ్య మా ఊళ్లో బావికైనా మరుగుదొడ్డికైనా ఆయన వరలే దింపాలి. పని నున్నగా రాకపోతే ఆయనకి ఆ పూట అన్నం సయించదు.

వారం వారం బస్సెక్కి వచ్చి చేపలమ్మే ఒకామె ఉంది, నాకు చెల్లెల్లాంటిది. ఆ ఏడు ఆమె గంపలో ఎండుచేపలు తప్ప పచ్చిచేప కనపడలేదు. "ఒడ్డు దగ్గర చేపే లేదక్కా. ఇలాగైతే గంప అటకెక్కించి రొయ్యల ఫ్యాక్టరీలో తలకాయలు తియ్యడానికి పోవాలి" అని ఏడ్చింది. 

దీనికి దారి కూడా వాళ్ల ఊరివాళ్లే కనుక్కున్నారు. ఎక్కడో సముద్రాల్లో పగడపు దిబ్బలుంటాయట. వాటి సందుల్లో చేపలు దాక్కుని, మేసి, పిల్లల్ని పెంచుతాయట. ఒడ్డునున్న ఊళ్లు ఆ దిబ్బల మీదే బతుకుతాయట. మనకేమో అడుగంతా ఇసుకే. అందుకని బొక్కలున్న సిమెంటు గూళ్లు చేయించి ముంచుదామని, ఆ పని ఆమె మా ఆయనకే తెచ్చింది.

ఈ మహానుభావుడు ఏం చేశాడనుకున్నారు? చేపలకైతే ఏం, ఇల్లు ఇల్లేనంటూ సిద్ధాంతిని అడిగొచ్చి, తూర్పున ఒకే ఒక్క గుమ్మం పెట్టాడు. మిగతా బొక్కలన్నీ పూడ్చేశాడు. పైగా అద్దంలా నున్నటి పూత! ఈశాన్యం కాస్త పెంచానని నా దగ్గర గొప్పలు కూడాను.

చూడ్డానికొచ్చిన చేపలామె నెత్తి కొట్టుకుంది. "పడవలోంచి తోస్తే ఎటు దొర్లుతుందో ఎవడికి తెలుసన్నా? నీ తూర్పు గుమ్మం ఆకాశంలోకి చూస్తుంది! గరుగ్గా ఉంటేనే కదా నాచు పట్టేది? పెద్ద చేప తరిమితే చిన్నది పారిపోవడానికి నాలుగు పక్కలా దారులుండొద్దూ?"

మా ఆయన మూతి మూడు వంకర్లు తిప్పాడు. "ఇంత గరుకు పని చేస్తే రేపు నన్నెవడు పిలుస్తాడే?" అని నా మీద ఎగిరాడు.

"చేపలొచ్చి ఊళ్లో చాటవులెండి. ముందు సుత్తి పట్టండి!" అన్నాను.

ఏడుపు మొహంతోనే నాలుగు పక్కలా బొక్కలు పొడిచి, పూతంతా గరుకు చేశాడు. గూళ్లు లారీలో ఒడ్డుకి పోయి, పడవల మీంచి మునిగాయి.

మరుసటేడు ఆమె గంప బరువుగా దిగింది. పైన నిగనిగలాడే పండుగప్ప. "మన గూళ్ల దగ్గర వలేస్తే పడిందన్నా! ఇది నీకే" అంది. నేను చింతపండు నానేసేలోపే ఈయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇల్లు కట్టిచ్చి, అందులో కాపరమున్నవాళ్లని పులుసు పెట్టుకు తింటారా ఎవరైనా? నేను తినను."

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. "ఆ గూళ్లు చేపలకే కట్టాననుకున్నావా అన్నా? ఇవాళ నా ఇంట్లో పొయ్యి వెలిగింది వాటి మూలానే. ఊరంతా నీలా జాలిపడితే నేనేం తినాలి?"

పులుసు దిగీదిగగానే ఆయన పీట వాల్చుకున్నాడు. నాకు తల ముక్క కూడా మిగల్చలేదు.